ఏటి అన్న మహారాజు

దొరలు ఓడెక్కి వెళ్లిపోయిన మర్నాడు నిడుమడ దేశంలో ఊరూరా టపాసులు కాల్చారు, బెల్లం పంచారు, పాత జెండా దింపి కొత్తది ఎక్కించారు. ఆ తర్వాత, ఇప్పుడు మనకు రాజెవరన్న ప్రశ్న వచ్చింది. టపాసులు అక్కడితో ఆగిపోయాయి.

నిడుమడ పెద్ద దేశమేం కాదు. కొండల్లో పుట్టిన ఏరు సముద్రంలో కలిసేదాకా ఎంత మేర ఉందో అంతే దేశం. ఏటి వెంబడే మూడు సీమలు: పైసీమ, నడిసీమ, దిగువసీమ. ఆశ్చర్యం వేస్తే పైసీమవాడు "ఏంది" అంటాడు, నడిసీమవాడు "ఏమిటి" అంటాడు, దిగువసీమవాడు "ఏటి" అంటాడు. ఆ ఒక్క ముక్కతో ఎవడెక్కడివాడో తేలిపోతుంది. తేలాక ఇక మాటలుండవు, పోట్లాటే.

రాజ్యాంగ సభలో పైసీమ జమీందారు పేరు వినగానే దిగువసీమ వాళ్లు లేచి, "ఆయన రాజైతే ఏరు కొండ మీదే ఆగిపోద్ది. మాకు మిగిలేది ఇసకే" అన్నారు. దిగువసీమ ఓడల వర్తకుడి పేరు వినగానే పైసీమ వాళ్లు, "చేపల కంపు కొట్టే సింహాసనానికి మేం దండం పెట్టాల్నా?" అన్నారు. నడిసీమ పండితుడి పేరు చెప్పినప్పుడు మాత్రం ఆ రెండు సీమలూ ఏకమై కడుపుబ్బ నవ్వాయి. వంతులవారీగా ఏలుకుందామని ఎవరో అంటే, మొదటి వంతు ఎవరిదన్న దగ్గర కుర్చీలు విరిగాయి. చివరికి సభాధ్యక్షుడు దివాన్ శరభయ్యగారు లేచి, "మనవాడు ఎవడైనా ఎవడో ఒకడి వాడే. ఎవడి వాడూ కానివాడు కావాలంటే, వాడు మనవాడు కాకూడదు" అన్నాడు.

ఆ సభలో అంతవరకూ ఎవరూ ఏదీ అంత తేటగా చెప్పి ఉండలేదు. తీర్మానం ఏకగ్రీవమైంది. రాజు ఈ దేశంలో పుట్టి ఉండరాదు. ఈ దేశంలో అతనికి చుట్టపక్కాలు ఉండరాదు. ఈ దేశపు భాష అతనికి తెలియరాదు. తెలిసినట్లు సభ విచారణలో రుజువైన క్షణము నుండి అతడు రాజు కాడు. కొత్త రాజముద్ర మీద "అర్థం కానివాడే నిష్పక్షపాతి" అని చెక్కించారు.

వెతగ్గా వెతగ్గా ఉత్తరాన మంచుదేశంలో ఒక రాజుగారికి మూడో కొడుకున్నాడని తెలిసింది. పేరు ఓస్వాల్డ్. ఇంటి దగ్గర చేయడానికి పనీ ఎక్కడానికి సింహాసనమూ లేక, గాలాలు వేసుకుంటూ పొద్దుపుచ్చుతున్నాడు. నిడుమడ ఎక్కడుందో ఆయనకు తెలియదు. ఆ అర్హత వినగానే సభ చప్పట్లు కొట్టింది.

ఇక రాజుకో దుబాసి కావాలి. మంచుదేశపు భాష వచ్చినవాడు దేశం మొత్తానికి ఒక్కడే దొరికాడు. రేవు కచేరీలో పనిచేసే తారకేశం. నడిసీమవాడు. నలభై దాటిన నెమ్మదస్తుడు. పక్కవాడు గట్టిగా దగ్గితే తానేం తప్పు చేశానా అని ఆలోచనలో పడే రకం. ఆ భాషను అతడు బళ్లో నేర్చుకోలేదు, రేవుకొచ్చే ఓడల్లో కళాసుల దగ్గర నేర్చుకున్నాడు. వాళ్లలో వాళ్లు పెద్దమనుషుల్ని ఎలా పిలుచుకుంటారో విని, అదే మర్యాద కాబోలనుకున్నాడు.

అందుకని కొత్త మహారాజు ఓడ దిగుతున్నప్పుడు తారకేశం నడుం వంచి, "మహాప్రభూ, దయచేయండి" అనుకుంటూ ఆయన భాషలో ఒక వాక్యం పలికాడు. అది నిజానికి, "ఒరే తాగుబోతు వెధవా, తాడు పట్టుకుని తగలడు" అని.

పాతికేళ్ల రాకుమారుడు మెట్ల మధ్యలో ఆగిపోయాడు. ఎర్రటి మొహం ఇంకా ఎర్రబడింది. అంతలో పగలబడి నవ్వి, కిందికి దిగి తారకేశం భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంత దూరం వచ్చినందుకు నాతో మనిషిలా మాట్లాడినవాడివి నువ్వొక్కడివే" అన్నాడు.

"మీ స్వాగతానికి ప్రభువువారు సంతసించారు" అని తారకేశం జనానికి తర్జుమా చేశాడు.

ఓస్వాల్డ్ అనడానికి జనానికి నోరు తిరగలేదు. సాయంత్రమయ్యేసరికి ఆయన ఓబులరాజయ్యాడు. మా దేవుడి పేరేనని పైసీమవాళ్లు మురిసిపోయి కొబ్బరికాయలు కొట్టారు. తక్కిన రెండు సీమలూ భగ్గుమన్నాయి. మర్నాడు దండోరా పడింది: "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, ప్రభువువారి నామధేయమును నోరు తిరిగినవారు మాత్రమే ఉచ్చరించవలెను. తిరగనివారు మౌనముగా నమస్కరించవలెను."

ఆ దండోరా వేయించినవాడు విరూపాక్షంగారు. ఆయన కోసమే కొత్తగా ఒక కచేరీ తెరిచారు. ఆయన హోదా పరాయితన పరిరక్షణాధికారి. రాజు పరాయితనం చెక్కుచెదరకుండా చూడడమే ఆయన పని. కొలువు మొదలయ్యే ముందు ఆయన తారకేశాన్ని పక్కకు పిలిచాడు.

"అర్జీదారు లేమి పలికినను ప్రభువువారికి సారాంశమును మాత్రమే నివేదించవలెను."

"సారాంశమంటే ఏమని చెప్పమంటారండీ?"

"ప్రజలు వచ్చిరి, నమస్కరించిరి అని. అది సర్వకాల సర్వావస్థలయందును సత్యమే కదా."

అలాగే జరిగింది. ఎవరి గట్టు ఎవరు జరిపారో, ఎవరి గొడ్డు ఎవరి చేను మేసిందో, జనం వచ్చి మొర పెట్టుకునేవారు. "వచ్చారు, నమస్కరించారు" అనేవాడు తారకేశం. "ఆ ముసలాయన ఏడుస్తున్నాడెందుకు?" అని రాజు అడిగితే, "ఇక్కడి ఆచారం ప్రభూ" అనేవాడు. అలా అన్న రోజు అతడికి అన్నం సయించేది కాదు. కానీ దేశం మాత్రం ప్రశాంతంగా ఉంది. తీర్పు అంటూ లేదు గనుక ఏ సీమా ఓడిపోలేదు. ఓడిపోలేదు గనుక ప్రతి సీమా గెలిచినట్టే ఊరేగింది.

చిక్కంతా భోజనం దగ్గర వచ్చింది. స్థానికమైన రుచి నాలుక్కి తగిలితే అభిమానం పుడుతుందని, రాజుగారికి ఆయన దేశం నుంచే డబ్బాల్లో ఆహారం తెప్పించేవారు. ఓడలో అన్నాళ్లు ఉడికిన ఆ డబ్బా మూత తీస్తే కాపలా కుక్కలు కూడా లేచి వెళ్లిపోయేవి. ఒక మధ్యాహ్నం మహారాజు ఆకలికి తాళలేక, ఎక్కణ్ణుంచో వస్తున్న వాసన పట్టుకుని నడుచుకుంటూ పోయి నౌకర్ల వంటసాల గుమ్మంలో తేలాడు. అక్కడ గవరమ్మ అనే దిగువసీమ మనిషి నెత్తళ్ల చేపల పులుసు దించుతోంది. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ ఎర్రటి మనిషిని ఎగాదిగా చూసింది.

"ఏటి బాబూ, ఆకలేత్తందా? కూకో" అని ఆకేసింది.

ఆ రోజు నుంచి మహారాజు మధ్యాహ్నాలు కనిపించేవాడు కాదు. తారకేశానికి సంగతి తెలుసు. పులుసన్నం తిన్నంత మాత్రాన భాష వచ్చేస్తుందా అనుకుని ఊరుకున్నాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

ఒకనాడు నిండు కొలువులో దివాన్ శరభయ్యగారు దేశ సౌభాగ్యం గురించి ఉపన్యసిస్తుండగా, పందిరి మీంచి ఒక తొండ జారి ఆయన భుజం మీద పడింది. మహారాజు సింహాసనం మీంచి లేచి, "ఏటది!" అన్నాడు.

తొండ పారిపోయింది. సభ మాత్రం కొయ్యబారిపోయింది. పైసీమ సభ్యుడు ఒకాయన గుండె పట్టుకుని, "దిగువసీమ మాట! రాజు దిగువసీమోడైపోయినాడు!" అని కేక పెట్టాడు.

తారకేశానికి ముచ్చెమటలు పట్టాయి. అయినా ముందుకొచ్చి, "అయ్యా, అది ప్రశ్న కాదండీ. ఏరు, ఏటి... ఏటి ఒడ్డు, ఏటి గాలి అంటాం కదండీ. ప్రభువువారు ఏటిని తలుచుకున్నారంతే" అన్నాడు.

విరూపాక్షంగారు కళ్లు మూసుకుని ఆలోచించాడు. "అనగా ప్రభువువారికి ఏరును ఏటిగా మార్చు ఔపవిభక్తికములు సైతము అవగతమైనవి. ఇది మరింత ప్రమాదకరము" అన్నాడు.

ఆ సాయంత్రమే గవరమ్మకు ఉద్వాసన చెప్పి దిగువసీమ పంపేశారు. భాష చెవి ద్వారా సంక్రమిస్తుంది గనుక కోటలో నౌకర్లు సైగలతోనే మాట్లాడాలని ఉత్తర్వు వచ్చింది. సైగల్లోనూ మూడు సీమల తేడాలున్నాయని తేలాక వాళ్ల చేతులకు గుడ్డలు చుట్టారు. తోటలో చిలకల్ని తోలేశారు. అంతటితో ఆగినా బాగుండేది. అర్థం కాకపోవడం రాజుకు అంత మంచిదైతే అధికారులకు మాత్రం చెడ్డదా అని సభలో ఎవరో అడిగారు. అడగడమే తడవు, భాష రాని న్యాయాధిపతుల్ని ఓడల్లో దింపారు. భాష రాని వైద్యుణ్ని తెచ్చారు. ఆయన కడుపునొప్పికీ కాలినొప్పికీ ఒకే మందు ఇచ్చి, ఏ అవయవం పట్లా పక్షపాతం లేనివాడని పేరు తెచ్చుకున్నాడు. బళ్లలో భాష రాని పంతుళ్లు కూర్చున్నారు. పిల్లలు మాత్రం చాలా సంతోషించారు.

చివరికి తారకేశం వంతొచ్చింది. రెండు భాషలూ తెలిసినవాణ్ని నమ్మడమెలా? తీసేద్దామంటే మరొకడు లేడు. విరూపాక్షంగారు ఉపాయం కనిపెట్టాడు. తారకేశానికీ రాజుకీ మధ్య ఇంకో దుబాసిని నియమించాడు. ఆయన్ని ఎక్కడో దూరపు దీవి నుంచి రప్పించారు. ఆయనకు ఈ భాషా రాదు, ఆ భాషా రాదు. తారకేశం ఆయనతో చెబుతాడు, ఆయన చిరునవ్వు నవ్వి తలాడిస్తాడు.

"ఇక తర్జుమాలో దోషమన్న మాటే ఉండదు, తర్జుమాయే లేదు గనుక" అని విరూపాక్షంగారు సభకు విన్నవించాడు. సభ ఆయనకు శాలువా కప్పింది.

ఇంత కట్టడిలోనూ మహారాజుకు గాలం వేసుకోవడానికి మాత్రం అనుమతి మిగిలింది. చేపలకు ఏ సీమ భాషా రాదు కదా. తారకేశం గంప పట్టుకుని కూడా వెళ్లేవాడు. ఒక పొద్దుటి పూట రాళ్ల మీద కూర్చుని, సముద్రం వైపే చూస్తూ రాజు తన భాషలో అన్నాడు.

"నేను దిగిన రోజు నువ్వు నన్ను తిట్టావు. ఈ దేశంలో నాకు నిజంగా చేరిన మాట అదొక్కటే తారకేశం."

గంపలో చేప కొట్టుకుంటోంది. తారకేశం దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. నడిసీమలో ఏటికి అడ్డంగా ఉన్న లాకుల తలుపులు మూసేశారు. పైన నీళ్లు నిండుగా నిలిచాయి. దిగువన కాలువలు నెర్రెలిచ్చాయి. ఒక రోజు కొలువుకు దాలయ్య అనే దిగువసీమ రైతు వచ్చాడు. బక్కపల్చటి మనిషి. అర్జీ అంటూ ఏమీ తేలేదు. భుజాన తుండులో మూట కట్టి తెచ్చినది విప్పి సింహాసనం మెట్టు మీద పెట్టాడు. ఎండిపోయి పసుప్పచ్చగా మారిన నారు కట్ట.

"నాను దాలయ్యని బాబూ. నీల్లు వొగ్గనేదు. రెండోసారి పోసిన ఆకుమడి కూడా పోనాది. ఇత్తనాలు నేవు ఇంక. పిల్లలేటి తింతారు?" అన్నాడు.

విరూపాక్షంగారు కనుబొమ్మ ఎగరేశాడు. "వచ్చారు, నమస్కరించారు. గడ్డి... గడ్డి కానుకగా తెచ్చారు" అని తారకేశం రెండో దుబాసితో గొణిగాడు. ఆయన చిరునవ్వు నవ్వి తలాడించాడు.

మహారాజు మెట్లు దిగి వచ్చి నేల మీద కూర్చున్నాడు. నారు కట్ట చేతిలోకి తీసుకుని వేర్లు నలిపి చూశాడు.

"ఇది గడ్డి కాదు, నారు" అన్నాడు తెలుగులో. "దాలయ్యా, నీల్లు ఎవుడు ఆపేసినాడు?"

కొలువంతా దిగ్గున లేచి నిలబడింది. దాలయ్య మాత్రం ఆశ్చర్యపోలేదు. రాజన్నవాడు అడగవలసిన ప్రశ్నే అడిగాడనుకున్నాడు కాబోలు, "లాకుల కాడ బాబూ" అన్నాడు.

సభ తేరుకునేలోగా మహారాజు గుర్రం మీదున్నాడు. వెనకాల తారకేశం బండి కట్టించుకుని, దారి పొడుగునా దేవుళ్లకు మొక్కుకుంటూ లాకులు చేరాడు. అప్పటికే అక్కడ లాకుల అధికారికీ రాజుకీ వాదన నడుస్తోంది.

"తలుపులు తెరుచుటకు మూడు సీమల సమ్మతి కావలెను ప్రభూ. మూయుటకు ఏ ఒక్కరి సమ్మతియైనను చాలును. నిబంధన అట్లున్నది."

"మరి రాజు సెప్తే?"

అధికారి తల గోక్కున్నాడు. "రాజు చెప్పునని నిబంధన రాసినవారు అనుకోలేదు ప్రభూ."

మహారాజు చొక్కా చేతులు పైకి మడిచి, తలుపులెత్తే చక్రం పట్టుకున్నాడు. తుప్పు పట్టిన చక్రం ఒక్కడి బలానికి కదలలేదు. ఆయన తిరిగి తారకేశం వైపు చూశాడు. రమ్మనలేదు, చూశాడంతే. లాకుల పైన నిలిచిన నీళ్ల ఒడ్డునే తారకేశం అన్నదమ్ముల పొలాలున్నాయి. ఈ తలుపులెత్తితే ఇంక ఏ పండక్కీ వాళ్ల గడప తొక్కలేడు. ఆ సంగతి అతడికి బాగా తెలుసు. పంచె ఎగ్గట్టి వెళ్లి చక్రానికి రెండో పక్క చెయ్యి వేశాడు.

నీళ్లు దిగువకు దూకాయి. అక్కడే, ఇక మీదట మూడు సీమలకూ వంతుల ప్రకారం నీళ్లు వదలాలని మహారాజు ఆజ్ఞ చెప్పాడు, తారకేశం రాశాడు, రాజముద్ర పడింది.

మర్నాడు రాజ్యాంగ సభ విచారణకు కూర్చుంది. దివాన్ శరభయ్యగారు చెడ్డవాడు కాదు. కొత్త రాజును వెతకడమంటే మళ్లీ ఎన్ని కుర్చీలు విరుగుతాయో తెలిసినవాడు. ముందుగా తారకేశాన్ని గదిలోకి పిలిచి మెల్లగా చెప్పాడు.

"చూడవయ్యా. ప్రభువుకు ఏమీ అర్థం కాలేదనీ, నువ్వే తప్పు తర్జుమా చేసి లాకులు తెరిపించావనీ ఒప్పుకో. సింహాసనం నిలబడుతుంది. పొరపాటున జరిగిన ఆజ్ఞ గనుక వంతులూ రద్దవుతాయి. నిన్ను మళ్లీ రేవు కచేరీకి పంపేస్తాం, అంతే."

తారకేశం రాజు కోసం అబద్ధమాడడానికి సిద్ధపడ్డాడు. ఇన్నాళ్లూ తన కోసం ఆడినవాడికి ఇదొక లెక్కా? సభలో నిలబడి, "తప్పు నాదేనండీ. ప్రభువువారికి ఒక్క ముక్క కూడా..." అని మొదలుపెట్టాడు.

"తారకేశం, ఆగు" అన్నాడు మహారాజు, తెలుగులోనే. కిరీటం తీసి పక్కన కుర్చీ మీద పెట్టాడు. "నాకు తెలుసు. తెలిసే సేసినాను. ఆ రైతు నారు ఎండిపోనాది, నా సేత్తో పట్టుకుని సూసినాను. ఇందల తర్జుమాకేటుంది?"

"రుజువైనది!" అన్నాడు విరూపాక్షంగారు. ఆయన గొంతులో కాస్త దుఃఖం కూడా వినిపించింది. రాజు పరాయితనంతో పాటు ఆయన కచేరీ కూడా పోయినట్టే కదా.

ఆ విధంగా ఓస్వాల్డ్ మహారాజు ఆ క్షణం నుంచి రాజు కాకుండా పోయాడు. కానీ ఆజ్ఞ అంతకు ముందురోజుది. రద్దు చేద్దామని సభ తలపెట్టినప్పుడు అసలు ముడి బయటపడింది. రాజాజ్ఞను రద్దు చేయవలసినవాడు రాజే. రద్దు చేయాలంటే అది ఆయనకు అర్థం కావాలి. అర్థమైతే ఆయన రాజు కాడు. దివాన్‌గారు ఆ నిబంధనను అటు తిప్పి ఇటు తిప్పి చదివి, తాను రాసిందే గనుక ఎవరినీ ఏమీ అనలేక ఊరుకున్నాడు. నీళ్ల వంతులు నిలిచిపోయాయి.

కొత్త రాజు తొందరగానే దొరికాడు. ఎనభై దాటిన ఒక ప్రభువు. ఆయనకు ఈ దేశపు భాషే కాదు, సొంత భాష కూడా వినపడదు. రోజులో చాలా భాగం సింహాసనం మీద నిద్రపోయేవాడు. మూడు సీమలూ ఆయన్ని మనసారా మెచ్చుకున్నాయి. విరూపాక్షంగారి కచేరీ మళ్లీ తెరుచుకుంది. నిద్రలో ప్రభువు పెట్టే గురక ఏ సీమ గురకలా ఉందో పరిశీలించడానికి ఒక ఉపసంఘం కూడా వేశారు. తారకేశాన్ని దుబాసిగా ఉంచారు గానీ అతడికి నోరు విప్పే పని లేకపోయింది. కొన్నాళ్లు చూసి, ఉద్యోగానికి ఒక దండం పెట్టి ఇంటికి వచ్చేశాడు. అన్నదమ్ములు పలకరించలేదు. అతడు ఊహించిందే.

మరుసటేడు ఊడ్పుల కాలంలో తారకేశం దిగువసీమ వెళ్లాడు. మాజీ మహారాజు అక్కడ దాలయ్య పొలం పక్కనే కాస్త నేల కౌలుకు తీసుకుని సాగు చేస్తున్నాడని విన్నాడు. ఎలా ఉన్నాడో, ఏం తింటున్నాడో, కిరీటం పోయిన బెంగతో చిక్కిపోయాడో ఏమో అని దారంతా దిగులుపడుతూ నడిచాడు. ఏమని ఓదార్చాలో మాటలు కూడా కూడబలుక్కున్నాడు.

కాలువ గట్టు ఎక్కేసరికి అరుపులు వినిపించాయి. మోకాళ్ల దాకా బురదలో, గోచీ బిగించి, ఎండకు రాగిచెంబులా కమిలిన మనిషి ఒకడు పార భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"నా వంతు అవ్వనేదు! ఎవుడు కట్టమన్నాడు కాలవకి అడ్డంగా?"

"నీదెప్పుడో అయిపోనాది! సూరీడు ఎక్కడున్నాడో సూడు!" అంటున్నాడు అవతలి మడిలోంచి దాలయ్య. "రాజువి గదాని ఊరుకుంటే నెత్తికెక్కుతున్నావు. రాజుగారికి అర్జీ ఎట్టేత్తాను సూడు!"

"ఎట్టుకో! ఆ ముసిలోడికి నీ కేకే ఇనబడదు, అర్జీ ఏటి ఇనబడతాది?"

తారకేశం కూడబలుక్కున్న ఓదార్పు మాటలు ఎటుపోయాయో పోయాయి. పరుగున గట్టు మీదుగా వెళ్లి ఇద్దరి మధ్యా చేతులడ్డం పెట్టాడు.

"ఆగండి ప్రభూ! దాలయ్యా, నువ్వూ ఆగు. చెరిసగం పంచుకుంటే సరిపోయే దానికి ఇంత రభసా?"

ఇద్దరూ ఒక్కసారి అతడి వైపు తిరిగారు. ఓస్వాల్డ్ ముఖంలో పాత స్నేహితుణ్ని చూసిన వెలుగు మెరిసింది. మెరుస్తూనే మళ్లీ కోపంలోకి తిరిగింది.

"వచ్చినావా తారకేశం, మంచిది, కూకో, పులుసు తిందాం. కానీ ఈ యవ్వారంలో మాట్లాడకు" అన్నాడు. "నడిసీమోడివి. నీల్లు మీ కాడ అడ్డేసుకుని కూకున్నోల్లు మీరు. మా సంగతి నీకేటి తెలుసు?"

"మరే!" అన్నాడు దాలయ్య, ఓస్వాల్డ్ పక్కకు వచ్చి నిలబడి.

తారకేశానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి కోసం చక్రం తిప్పాడు? ఎవరి కోసం సొంత అన్నదమ్ములకు కానివాడయ్యాడు? చెప్పులు గట్టు మీద విడిచి బురదలోకి దిగాడు.

"ఏం, నడిసీమవాళ్లంటే అంత లోకువా?" అని బతుకులో మొదటిసారి గొంతు చించుకున్నాడు. "మా లాకులు లేకపోతే మీ ఇద్దరూ ఇసక నాకాలి, తెలుసా?"

ఇక ముగ్గురూ మొదలుపెట్టారు. నారు కట్టలు మోస్తున్న ఆడవాళ్లు గట్టు మీద ఆగి వినోదం చూశారు. గవరమ్మ వచ్చి అన్నం చల్లారిపోతోందని పిలిచి, పిలిచి, వెళ్లిపోయింది. ఎవడు తొక్కాడో ఏమో, ఆ తోపులాటలో అడ్డుకట్ట తెగింది. వాళ్లింకా అరుచుకుంటూ ఉండగానే నీళ్లు ఎవరినీ అడక్కుండా రెండు మళ్లలోకీ పారాయి.